ఎవరూ అందుకోని ట్రే

2005 మార్చి 29, ఇంగ్లండు. ఇలెయిన్ బ్రామిలీకి అప్పుడు 37 ఏళ్లు. చాలాకాలంగా వేధిస్తున్న సైనస్‌కి ఆపరేషన్ చేయించుకోవడానికి ఆసుపత్రికి వచ్చింది. ప్రాణం మీదికి వచ్చిన జబ్బు కాదు. రోజూ ఎందరికో చేసి ఇంటికి పంపించేసే ఆపరేషనే. భర్త మార్టిన్, ఇద్దరు చిన్నపిల్లలు చెయ్యి ఊపి ఆమెను లోపలికి పంపారు.

థియేటర్లో ఏ లోటూ లేదు. మత్తు డాక్టరు, ఈఎన్‌టీ సర్జను ఇద్దరూ ఏళ్ల తరబడి చెయ్యి తిరిగినవాళ్లే. సామాను అంతా ఉంది. కరెంటు లేని ఏ మారుమూల ఊళ్లోనో జరిగిన కథైతే ఇంత బాధ పెట్టదేమో.

ఉదయం 8:35 ప్రాంతంలో మత్తు ఇచ్చారు. శ్వాస కోసం గొంతులో అమర్చే మాస్కు కుదురుకోలేదు. చూస్తుండగానే ఆక్సిజన్ పడిపోయింది. 95కి పైన ఉండాల్సింది 40 శాతానికి దిగిపోయింది. ట్యూబు వేయబోతే అదీ దిగలేదు. ఇంకో మత్తు డాక్టరు పరుగున వచ్చాడు, సర్జనూ చెయ్యి వేశాడు. ట్యూబూ దిగక, గాలీ ఎక్కకపోతే ఏం చెయ్యాలో వైద్యశాస్త్రం ఏనాడో చెప్పి పెట్టింది: మెడ ముందు వైపు కోత పెట్టి నేరుగా శ్వాసనాళానికి దారి చెయ్యాలి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అయినా ట్యూబునే పట్టుకుని కూర్చున్నారు. ఇదిగో దిగుతుంది, ఈసారి దిగుతుంది అనుకుంటూ. కంగారులో కాలం ఎంత గడిచిందో మనిషికి తెలియదు. దాదాపు 20 నిమిషాలు ఆమె మెదడుకు చాలినంత ఆక్సిజన్ అందలేదు.

కానీ ఆ గదిలో తెలిసినవాళ్లు వాళ్లు ముగ్గురే కాదు. ఒక నర్సు, ఎవరూ అడగకుండానే, మెడ దగ్గర కోతకు కావలసిన ట్రాకియాస్టమీ ట్రే తెచ్చి, తెచ్చానని చెప్పింది. ఎవరూ పలకలేదు. ఇంకో నర్సు ఐసీయూకి ఫోన్ చేసి, మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కుని వచ్చి చెప్పింది. ఇంత హడావుడి దేనికన్నట్టు చూశారు డాక్టర్లు. ఆ చూపుకే ఆమె వెనక్కి తగ్గింది. మళ్లీ ఫోన్ చేసి మంచం వద్దని చెప్పేసింది.

నాకు ఈ కథంతటిలోనూ మింగుడు పడనిది ఆ రెండో ఫోనే. ఆమె అనుకున్నది తప్పేం కాదు. పెద్దవాళ్ల ముఖాలు చూసి తన ఆలోచనను తానే కొట్టేసుకుంది. మన ఆసుపత్రుల్లో ‘సార్’ అన్న ఒక్క మాటకు ఎంత బరువుంటుందో తెలిసినవాళ్లకు ఇది వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

ఇలెయిన్ మళ్లీ కళ్లు తెరవలేదు. 13 రోజుల తర్వాత చనిపోయింది.

మార్టిన్ విమాన పైలట్. వాళ్ల వృత్తిలో ప్రమాదం జరిగితే విచారణ అడగక్కర్లేదు, దానంతట అదే మొదలవుతుంది. ఆసుపత్రుల్లో ఆ ఆనవాయితీ లేదని తెలిసి ఆయన నిర్ఘాంతపోయాడు. పట్టుబట్టి స్వతంత్ర సమీక్ష చేయించాడు. ఏం చెయ్యాలో తమకు తెలుసనీ, ఆ మాట ఎలా ఎత్తాలో తెలియలేదనీ నర్సులు చెప్పింది ఆ తర్వాతే.

పైలట్లకు ఇది కొత్త కథ కాదు. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం కెప్టెన్ చక్రాలు సరిగ్గా దిగాయో లేదో తేల్చుకునే పనిలో పడి గాల్లోనే చక్కర్లు కొడుతూ ఉండిపోయాడు. ఇంధనం తగ్గిపోతోందని పక్కవాళ్లకు తెలుసు, అన్నారు కూడా. గట్టిగా మాత్రం అనలేదు. ఇంధనం అయిపోయి విమానం కూలింది, 10 మంది పోయారు. ఆ తర్వాతే కాక్‌పిట్‌లో చిన్నవాళ్లు పెద్దవాళ్లకు అడ్డుచెప్పడం, పెద్దవాళ్లు ఆగి వినడం శిక్షణలో పాఠమైంది.

ఆ పాఠాన్నే థియేటర్లోకి తేవాలని మార్టిన్ 2007లో ఒక సంస్థ పెట్టాడు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన సర్జరీ చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి. శ్వాసమార్గం కష్టమయ్యేలా ఉందా అని మత్తుకు ముందే అడగాలి. కోత పెట్టే ముందు అక్కడున్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలి. పేర్లు చెప్పుకోవడమేంటి, చిన్నపిల్లల ఆటలా అని నవ్వేవాళ్లున్నారు. ఒకసారి గొంతు విప్పిన నర్సుకు రెండోసారి విప్పడం తేలిక. ట్రే తెచ్చాను అన్నాక, ఇప్పుడే కొయ్యండి అనడానికి ఆ కాస్త చనువే కావాలి.

ఆ డాక్టర్లు ఏమయ్యారని మార్టిన్‌ని అడిగేవాళ్లు. మళ్లీ పనిలో చేరారని చెప్పేవాడు. తను కోరుకున్నదీ అదేననేవాడు.