రోడ్డు నిధి - దాని లెక్క

బాటలను గాపాడవలసినది ప్రభువే యనుమాట మనకు క్రొత్తది కాదు. రాజమార్గమునకు ఇంత వెడల్పుండవలెననియు, త్రోవ కడ్డము కల్పించినవానికి జుల్మానా విధింపవలెననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. కాని బాట చెఱచినవానిని దండించుట యొకటి. బాట బాగుచేయనివానిని ప్రశ్నించుట మఱియొకటి. నేటి ప్రసంగము ఈ రెండవదానిని గూర్చి.

మోటారుబండ్లు ప్రబలిన పిమ్మట మన పాత కంకర రోడ్లు వాని వేగమునకు నిలువలేకపోయెను. 1927లో ఎం. ఆర్. జయకర్ గారి అధ్యక్షతను ఒక సంఘ మేర్పడి, మరుసటి యేట నివేదిక సమర్పించెను. అది చూపిన యుపాయము సులభమైనది: రోడ్డును అరగదీయువాడే రోడ్డునకు చెల్లింపవలెను. 1929లో పెట్రోలు సుంకమును గాలనునకు నాలుగణాలనుండి ఆరణాలకు పెంచి, ఆ రెండణాలను రోడ్లకే ప్రత్యేకించిరి. రెండణాలే గదా యని తలంపవలదు. విడిగా పద్దు వ్రాసిన సొమ్ము గనుక దాని గతి యేమైనదని యడుగుటకు వీలు కలిగెను. పెద్ద ఖజానాలో కలిసిన రూపాయకు ఊరును పేరును ఉండవు.

ఇట్టి నిధి చెదరక నిలుచుట మాత్రము కష్టము. ఇంగ్లండున 1926లో ఆర్థికమంత్రిగా నుండిన చర్చిలు అచటి రోడ్డు నిధినుండి డెబ్బదిలక్షల పౌనులను ఇతర వ్యయములకు మరలించెను. మన దేశమున 2000వ సంవత్సరపు కేంద్ర రోడ్డు నిధి చట్టము కాపలాలేని రైలుగేట్ల భద్రతకును భాగము కేటాయించెను; ఇది మెచ్చదగినది. 2018లో ఆ నిధి పేరు మార్చి, జలమార్గములు మొదలగువానికిని ద్వారము తెఱచిరి. అవియు నావశ్యకములే. అయినను బాటసారి యిచ్చిన సొమ్ము బాటకు చేరెనో లేదో కనుగొనుట మునుపటికంటె దుర్ఘటమయ్యెను.

ఇక బాధ్యత. 2019లో మోటారు వాహనముల చట్టమున 198-ఎ అను విభాగమును చేర్చిరి. రోడ్డు ప్రమాణములు పాటింపనందున ఎవరేని మరణించినను, అంగహీనులైనను, అధికార సంస్థకుగాని గుత్తదారునకుగాని లక్ష రూపాయలవఱకు జుల్మానా. కోట్ల గుత్తకు లక్ష యేపాటిది? పైగా సంస్థ చెల్లించునది మరల ప్రజల సొమ్మే గదా!

నేను ఉద్యోగమున నుండగా మా బడి ముందఱి మలుపున హెచ్చరిక పలక నిలుపుడని మూడు వినతిపత్రములు వ్రాసితిని. ఒక కచేరి వానిని మఱియొక కచేరికి పంపెను. నాలుగవది వ్రాయకమునుపే ఆఱవ తరగతి బాలుడొకడు లారీ క్రింద పడి కాలు పోగొట్టుకొనెను. పలక మరుసటి మాసమున వచ్చెను. అది యే పద్దునుండి వచ్చెనో, అంతకుముందేల రాలేదో తెలుపుడని మఱల వ్రాసితిని. ప్రత్యుత్తరము రాలేదు.