వత్తు కనబడే మానిటర్

మీసేవా కేంద్రంలో, జిరాక్సు షాపులో, పెళ్లి పత్రికలు కొట్టే డీటీపీ సెంటర్లో ఇన్నాళ్లూ టేబుల్ కింద కాళ్లకు అడ్డం తగిలే పెద్ద డబ్బా ఒకటుండేది. అందరూ దాన్ని సీపీయూ అంటారు. ఇప్పుడు ఆ చోటికి అరచేతి వెడల్పు మినీ పీసీలు వస్తున్నాయి. కరెంటు తక్కువ లాగుతాయి, చోటు అడగవు, ధరా అందుబాటులోనే ఉంటోంది. అయితే పెట్టె విప్పితే పెట్టె, అడాప్టర్ తప్ప మరేమీ ఉండవు. తెర మన పూచీ.

ఈ పద్ధతిని గట్టిగా ఊళ్లోకి తెచ్చింది ఆపిల్. 2005 జనవరిలో మాక్ మినీని విడుదల చేస్తూ తెర, కీబోర్డు, మౌస్ మీరే తెచ్చుకోండని స్టీవ్ జాబ్స్ చెప్పేశారు. 2012లో రాస్ప్‌బెర్రీ పై, ఆ వెనకే ఇంటెల్ వారి నక్ పెట్టెలు అదే దారి పట్టాయి. అప్పటినుంచి కంప్యూటర్ కొనడమంటే రెండు బేరాలు. మొదటి బేరానికి వారం రోజులు వాకబు చేసే మనిషి రెండో బేరాన్ని అయిదు నిమిషాల్లో తేల్చేస్తాడు: ఎన్ని అంగుళాలు, ఎంత? తెలుగులో పనిచేసుకునేవాడికి అంగుళాల కంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. నిలువునా ఎన్ని గీతలు?

ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

వయసులో కంప్యూటర్ కంటే తెరే పెద్దది. 1897లో జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్ గాజు గొట్టంలో ఎలక్ట్రాన్ల ధారను వంచి, చివరనున్న మెరుపు పూత మీద పడేలా చేశాడు. మన ఇళ్లలో పిక్చర్ ట్యూబు అని పిలిచిందానికి అదే మూలం. టీవీ వచ్చాక ఆ ధార ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గీతలు గీసుకుంటూ బొమ్మ చూపించడం నేర్చింది. మన దగ్గర ఆ ట్యూబును ఇంటింటి వస్తువు చేసిన పేర్లలో హైదరాబాద్ ఈసీఐఎల్ ఒకటి. 1967లో పుట్టిన ఆ సంస్థ ఒక చేత్తో ఈసీ టీవీలు, ఇంకో చేత్తో టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసింది. టీవీ, కంప్యూటర్ ఒకే కప్పు కింద పెరిగినా తెర మాత్రం టీవీ కోసం పుట్టిన వస్తువే. తొలినాళ్ల ఇంటి కంప్యూటర్లు చాలామటుకు టీవీకి తగిలించుకునేవే.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దానికి రెండు రకాల తెర కార్డులు ఇచ్చారు. ఒకటి ఆఫీసు పనికి, నల్లటి నేల మీద ఆకుపచ్చ అక్షరాలు. దాంట్లో నిలువునా 350 గీతలు. 25 వరుసల రాత పడుతుంది కాబట్టి ఒక్కో వరుసకు 14 గీతలు. రెండోది రంగులది, సీజీఏ. దాంట్లో 200 గీతలే, అంటే వరుసకు 8. 1987లో వీజీఏ వచ్చాక రాతకు 400 గీతలు దక్కి వరుసకు 16 అయ్యాయి. ఇంగ్లీషు అక్షరానికి ఎనిమిది గీతలు చాలు. ఏ నుంచి జెడ్ దాకా అన్నీ ఒకే అంతస్తు ఇళ్లు, వై, జీ లాంటి అయిదింటికి మాత్రం చిన్న నేలమాళిగ.

ఆ ఎనిమిది గీతల్లో ‘రాష్ట్రీయ’ అన్న మాట రాయబోతే తెలుగు గొడవ తెలుస్తుంది. నడుమ ష, పైన గుడి దీర్ఘం, కింద ట వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు. గుడి దీర్ఘానికి రెండు గీతలు పోతే, ష పొట్టకు నాలుగు పోతే, వత్తులు రెండూ మిగిలిన రెండు గీతల్లో ఇరుక్కోవాలి. ఇరుక్కోవు. అందుకే ఆ రోజుల్లో భారతీయ భాషల కోసం తెరకు సంబంధించిన సర్క్యూటునే మార్చుకోవలసి వచ్చింది. కాన్పూర్ ఐఐటీలో మొదలై, తరవాత పుణె సీ-డాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డు చేసిన పని అదే. కంప్యూటర్ లోపల కార్డు బిగిస్తే డాస్ తెర మీద తెలుగు కనిపించేది. రాతను దాచే పద్ధతి వేరు, తెర మీద గీసే పద్ధతి వేరు అన్న ఆలోచన మన భాషలకు అక్కడే స్థిరపడింది.

విండోస్ వచ్చాక కార్డు అవసరం పోయింది, ఫాంట్ల రోజులు వచ్చాయి. మన డీటీపీ సెంటర్లను ఏళ్ల తరబడి ఏలింది అను ఫాంట్లు. ఇప్పటికీ పెళ్లి పత్రిక, కరపత్రం, ఫ్లెక్సీ అంటే అనూయే. 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కినా, మామూలు మనిషికి అది చేరువైంది 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు తరవాతే. సమస్య తీరిందనే అనుకున్నారంతా. కానీ ఫాంటు ఎంత బాగున్నా దాన్ని చూపించే చుక్కలు చాలకపోతే వత్తులు అలుక్కుపోతాయి.

ఈలోగా లావు డబ్బా పోయి పలక వచ్చింది. దాని కథ క్యారెట్‌తో మొదలైందంటే నమ్మడం కష్టం. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్ పదార్థాన్ని వేడిచేస్తే అది రెండుసార్లు కరిగినట్టు కనిపించింది. 145 డిగ్రీల దగ్గర మబ్బుగా, 178 దాటాక తేటగా. ఆ నడిమి స్థితే ద్రవ స్ఫటికం, లిక్విడ్ క్రిస్టల్. దాన్ని కరెంటుతో మెలితిప్పి వెలుగును ఆపే, వదిలే ఉపాయం 1970లో స్విట్జర్లాండులో షాట్, హెల్ఫ్రిష్ అనే ఇద్దరు కనిపెట్టారు. టీఎన్ ప్యానెల్ అని దుకాణంవాళ్లు చెప్పేది అదే. దాని జబ్బు అందరికీ తెలిసిందే. ఎదురుగా కూర్చుంటే బాగుంటుంది, పక్కనుంచి చూస్తే రంగులు పాలిపోతాయి, కిందినుంచి చూస్తే నల్లబడుతుంది.

ఆ జబ్బుకు తొలి మందులో మన దేశం చెయ్యి కూడా ఉంది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో సి.వి.రామన్ మేనల్లుడు ఎస్.చంద్రశేఖర్, సదాశివ, సురేశ్‌లతో కలిసి బిళ్లల్లాంటి అణువులతో కూడా ద్రవ స్ఫటికాలు ఏర్పడతాయని చూపించారు. అప్పటిదాకా పుల్లల్లాంటి పొడుగు అణువులకే అది సాధ్యమనుకునేవారు. 1990ల నడుమ జపాన్ ఫ్యూజీఫిల్మ్ కంపెనీ ఆ బిళ్ల అణువుల రకంతో పల్చటి పొర చేసి టీఎన్ తెరకు అంటిస్తే పక్క చూపు మెరుగుపడింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి. ఆ తరవాత 1996లో హిటాచీ ఐపీఎస్ తెచ్చింది. అందులో అణువులు పలకకు సమాంతరంగా తిరుగుతాయి కాబట్టి ఎటునుంచి చూసినా ఒకేలా కనిపిస్తుంది.

ఇక్కడిదాకా అంతా ముందడుగే. తరవాత ఒక అడుగు వెనక్కి పడింది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2000 దాటాక ఆఫీసుల్లోకి వచ్చిన 17 అంగుళాల పలకలు దాదాపు చదరంగా ఉండేవి. అడ్డం 1280, నిలువు 1024 చుక్కలు. 2010కి అటూ ఇటూగా టీవీ ప్యానెళ్ల కొలతే మానిటర్లకూ అంటుకుని 18.5 అంగుళాల వెడల్పు పలకలు చవగ్గా వచ్చాయి. అడ్డం 1366, నిలువు 768. అంగుళాలు పెరిగాయని జనం సంబరపడ్డారు. నిలువున 256 గీతలు పోయాయి. సినిమాకు బాగుంటుంది గానీ, నిలువు కాగితం మీద పనిచేసేవాడికి, కిందా పైనా చోటు అడిగే తెలుగు రాసేవాడికి అది నష్టపు బేరం. ఇప్పటికీ చాలా టేబుళ్ల మీద ఉన్నవి అవే.

మన్యం అంచున ఈ నష్టం పేర్ల దగ్గర తేలుతుంది. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో కులం, ఆదాయం సర్టిఫికెట్లు లేకుండా హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ ముందుకు కదలవు. కోయ ఇంటిపేర్లు చూడండి: పూనెం, మడకం, మడివి, సోయం, కుంజా, తెల్లం. పునెంకూ పూనెంకూ తేడా కొమ్ము చివరి చిన్న వంపు. ధకూ థకూ తేడా మధ్యలో ఒక్క చుక్క. తక్కువ చుక్కల తెర మీద చిన్న అక్షరాల్లో ఆ వంపు, ఆ చుక్క కనబడవు. ఆపరేటరు తప్పేమీ లేకుండానే తప్పు పడుతుంది. ఆధార్‌లో ఒకలా, సర్టిఫికెట్లో ఒకలా ఉంటే ఆ పిల్లవాడు మళ్లీ చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో బస్సెక్కి రావాలి. అందుకే రెండో తెర పెట్టి, దాన్ని వచ్చినవాళ్లవైపు తిప్పి, ముద్ర వేసే ముందు పేరు చదివించుకోవడం మంచి పద్ధతి. మినీ పీసీల్లో చాలావాటికి రెండు తెరల పోర్టులుంటాయి. చదువు రానివాళ్లు వెంట వచ్చిన పిల్లలతో చదివిస్తారు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి. అంగుళానికి ఎన్ని చుక్కలు? 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ పలకలో 102. అదే ఫుల్ హెచ్‌డీ 24లో 92, 27లో 82. పెద్ద తెర కొన్నకొద్దీ అక్షరం ముతకబడుతుందన్నమాట. 27 కావాలంటే 1440 గీతలదో, 4కేదో తీసుకోవాలి, 1440లో 109 చుక్కలు, 4కేలో 163. 4కే తెర మీద విండోస్‌లో అక్షరాల సైజు 150 శాతానికి పెట్టుకుంటే వత్తులు అచ్చులో ఉన్నట్టే కనిపిస్తాయి. ఇంట్లో ఉన్న 32 అంగుళాల టీవీకి మినీ పీసీ తగిలించేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఆ టీవీ హెచ్‌డీ రెడీ రకమైతే అంగుళానికి 49 చుక్కలే. పాటలకు పర్వాలేదు, పహాణీ చదవడానికి పనికిరాదు.

చుక్కల తరవాతి లెక్క భద్రాచలం చుట్టుపక్కల ఎండ, వాన. పాల్వంచలో కరెంటు పుడుతుంది కానీ గాలివానకు తీగలు తెగితే అడవి అంచు ఊళ్లకు తిరిగి రావడానికి పొద్దు పడుతుంది. పాత 15 అంగుళాల ట్యూబు మానిటర్ ఒక్కటే 70 వాట్లు దాటి లాగేది. ఇప్పటి ఎల్ఈడీ పలక 20 వాట్లకు అటూ ఇటూ. మినీ పీసీతో కలిపినా పాత మానిటర్ ఒక్కదాని ఖర్చు రాదు, చిన్న ఇన్వర్టర్ మీద గంటలు నడుస్తుంది. మానిటర్ పుస్తకాల్లో మామూలుగా 40 డిగ్రీల దాకా వాడొచ్చని రాస్తారు. కొత్తగూడెం మే నెల ఆ పుస్తకం చదవదు. రేకుల షెడ్డులో పెట్టేవాళ్లు వెనక గాలి ఆడేలా గోడకు దూరంగా ఉంచాలి, వెలుగు తగ్గించి వాడాలి.

వానాకాలం ఇంకో తంటా ఉంది. రాత్రి తెర వెలుగుకు పురుగులు ముసురుతాయి. పెద్దవి బయటే రాలిపోతాయి. ఆవగింజలో సగం లేని పురుగు మాత్రం అంచు సందులోంచి లోపలికి దూరి ప్యానెల్ వెనక తిరుగుతుంటుంది. వేలితో నొక్కి చంపితే అక్కడే అంటుకుని నల్ల చుక్కగా మిగిలిపోతుంది. నొక్కకూడదు. తెర ఆర్పి, పక్కన బల్బు వేసి వదిలేస్తే చాలాసార్లు అదే బయటికి పోతుంది.

ఇక గోదావరి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు ఎక్కింది, 2022 జూలైలో 71.3 అడుగులకు. మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేసేది 53 దగ్గరే. లోతట్టు షాపులవాళ్లకు సామాను పైకి చేర్చడం అలవాటైన పనే. పది పన్నెండు కిలోల ట్యూబు మానిటర్‌ను మెట్లెక్కించడానికి ఇద్దరు కావాలి. పలక వెనక 75 లేదా 100 మిల్లీమీటర్ల దూరంలో నాలుగు మరల చిల్లులు ఉంటే మినీ పీసీని దానికే బిగించొచ్చు. అప్పుడు ప్లగ్గు పీకి మొత్తం ఒక్క చేత్తో పట్టుకుపోవచ్చు. కొన్ని చవక మోడళ్లలో ఆ చిల్లులు ఉండవు, చూసుకోవాలి.

కొత్తది కొనేవాళ్లు ఖమ్మం దుకాణంలోనే తెలుగు పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయి, చేతి దూరంలో కూర్చుని ‘స్వాతంత్ర్యం’, ‘లక్ష్మి’ చదివి చూడండి. దుకాణంవాళ్లు వేసే రంగురంగుల చేపల వీడియో మీద ఏ తెరైనా బాగానే ఉంటుంది. డబ్బు తక్కువైతే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కంపెనీ ఆఫీసుల నుంచి వచ్చిన పాత మానిటర్లు దొరుకుతాయి. వాటిలో 24 అంగుళాల 1920 అడ్డం, 1200 నిలువు రకం కనిపిస్తే నేనైతే కొత్త 1080 దాన్ని వదిలేసి దాన్నే తీసుకుంటాను. ఆ 120 గీతలు తెలుగుకు పనికొస్తాయి, స్టాండు తిరిగేదైతే తెరను నిలువుగా తిప్పి ఏ4 కాగితాన్ని మొత్తంగా చూస్తూ పత్రిక పేజీ కట్టుకోవచ్చు.

ఒక్కటి సరిచూసుకోవాలి. అలాంటి పాత మానిటర్లలో కొన్నిటికి డిస్‌ప్లేపోర్టు, డీవీఐ, వీజీఏ ఉంటాయి, హెచ్‌డీఎంఐ ఉండదు. చవక మినీ పీసీలో తరచు హెచ్‌డీఎంఐ రకం పోర్టులే ఉంటాయి. హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి మామూలు కేబుల్ చాలు. డిస్‌ప్లేపోర్టు-హెచ్‌డీఎంఐ అని అమ్మే సాదా కేబుల్ మాత్రం కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్టు ఉంటేనే పనిచేస్తుంది, తిప్పి పెడితే తెర నల్లగానే ఉంటుంది. మీ పెట్టె వెనక ఏ పోర్టులున్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకుని బస్సెక్కండి.