కఱవుసీమలోఁ బెరుగుదల: కొండపొలము నవల

కడపజిల్లాలోఁ బ్రొద్దుటూరికిఁ జేరువనున్న చాపాడు కుందూనదీప్రాంతమందలి గ్రామము. ఈ సీమకు నీరు దెచ్చు కర్నూలు–కడప కాలువ 1863–1870 సంవత్సరముల నడుమఁ ద్రవ్వఁబడినది. పిమ్మట నాఱేండ్లకే ధాత సంవత్సరమున మొదలైన ఘోరమగు కఱవు (1876–78) సీమను బీడు చేసెను. కాలువనీరు పాఱు నూళ్లకును, వానను నమ్ముకొనిన మెట్టయూళ్లకును నడుమ దారి దూర మల్పమే. బ్రదుకులలోని దూర మధికము.

ఆ కఱవును గూర్చి దొరతనమువారి పత్రములు చెప్పునవి మిక్కిలిగాఁ గొలతలే. 1877లో రిచర్డు టెంపులుదొర, కఱవుపని చేయు పురుషునకు దినమున కొక పౌను ధాన్యమును, ఒక యణాయుఁ జాలునని నిర్ణయించెను. ఆ కొలతతో బ్రదికిన యిండ్లలోఁ బిల్ల లెట్లు పెద్దవారైరో యా పత్రములు చెప్పవు. ఆ కొఱఁతఁ దీర్పఁగలది కథావాఙ్మయము.

రంగసాయిపురమునఁ బుట్టిన కేతు విశ్వనాథరెడ్డి (1939–2023) ఈ నేల బ్రదుకునే కథలకు వస్తువుగాఁ గొనెను. ఆయన కథాసంపుటమునకు 1996లోఁ గేంద్రసాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. యువకుని పెరుగుదలయే ప్రధానముగాఁ గల రచన 'కొండపొలము'. దీనికి 2019లోఁ దానా నవలాబహుమానము వచ్చెను. రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి, చాపాటికి ఈశాన్యమున నల్లమల చేరువనున్న కలసపాడు ప్రాంతమువాఁడు.

కఱవునాఁడు గ్రామమున మేఁతయు నీరును లేక గొఱ్ఱెలమందల నడవికిఁ దోలుకొనిపోవుటయే కొండపొలము. చదువు ముగించియు నుద్యోగము దొరకని రవి తండ్రి వెంట నట్లు నల్లమలకుఁ బోవును. ఇది చదువుకొన్నవాఁడు వెనుకకు మరలిన కథయని కొందఱకుఁ దోఁపవచ్చును. ఆ తలంపు నిలువదు. పట్టణపుఁజదువు వానికి బ్రదుకుదెరువు చూపలేదు. నీ రెక్కడ దొరకునో, పులిజాడ యెట్టిదో, చీఁకటిలో మంద నెట్లు కాయవలయునో యెఱిఁగిన కాపరులే వానికి గురువులైరి. మంద నష్టమైనచో నింటికూడు పోవును. కావున నీ విద్యలోఁ దప్పినవానికి మఱల వ్రాయు పరీక్ష లేదు.

పిల్లలు పట్టణములఁ జేరినకొలఁది నీ విద్య నందుకొనువారు తగ్గుదురు. మెకంజీ సేకరింపించిన కైఫీయతులను జరిత్రకారులు గ్రామచరిత్రకు సాధనములుగాఁ గొనుచున్నారు. కఱవులోఁ బెరిగినవారి మనస్సు నెఱుఁగుటకు నిట్టి నవలలను గూడ నట్లే కొనవలయును.