మార్కో పోలో (డాక్టర్ హూ)

బీబీసీ సైన్స్ ఫిక్షన్ ధారావాహిక 'డాక్టర్ హూ'లో నాలుగో కథ. జాన్ లుకరొట్టి రాసిన ఈ 7 భాగాల కథ 1964 ఫిబ్రవరి 22 నుంచి ఏప్రిల్ 4 వరకు ప్రసారమైంది. వీటిలో ఒక్క భాగం వీడియో కూడా నేడు లభ్యం కాదు.

కథ: 1289లో పామీర్ పర్వతాల్లో చిక్కుకున్న కథానాయకుడు డాక్టర్, అతని బృందం యాత్రికుడు మార్కో పోలో బిడారుతో కలిసి మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ కొలువు చేరుతారు. స్వదేశం వెళ్లే అనుమతి కోసం పోలో, డాక్టర్ కాలయంత్రమైన టార్డిస్‌ను ఖాన్‌కు కానుకగా ఇవ్వజూస్తాడు. ఖాన్‌తో బ్యాక్‌గామన్ ఆడి ఏనుగులు, గుర్రాలు గెలిచిన డాక్టర్, చివరి పందెంలో టార్డిస్‌ను మాత్రం దక్కించుకోలేకపోతాడు.

అదృశ్యం: ఆ రోజుల్లో వీడియో టేపులు ఖరీదైనవి. పాత కార్యక్రమాలను చెరిపి, వాటి మీదే కొత్తవి రికార్డు చేసేవారు. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్మ్ ప్రతులను కూడా కాలక్రమంలో పారేశారు.

మిగిలినవి: ప్రేక్షకులు ఇళ్లలో రికార్డు చేసుకున్న శబ్దం 7 భాగాలకూ ఉంది. లక్నోలో పుట్టిన దర్శకుడు వారిస్ హుసేన్ దగ్గర, టీవీ తెర నుంచి తీసిన ఫొటోలు దొరికాయి. జాన్ క్రాకెట్ దర్శకత్వం వహించిన 4వ భాగానికి అవీ లేవు. వీడియో లేకపోయినా, చరిత్ర బోధించాలన్న ధారావాహిక తొలి ఆశయానికి ఈ కథ మంచి నిదర్శనం.