సరస్సుల ఒడ్డున శాశ్వత పడవ రేవులు: మినహాయింపు ఎంతవరకు, అనుమతి ఎవరిది?

సరస్సు అభిముఖంగా గృహం, గృహం ముంగిట సొంత పడవ రేవు అనే ఆకర్షణ స్థిరాస్తి రంగంలో నానాటికీ పెరుగుతున్నది. ఈ సందర్భంలో చిత్తడి నేలల నిబంధనలలోని ఒక మినహాయింపును కొందరు తమకు అనుకూలంగా ఉటంకిస్తున్నారు. పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం ఆ మినహాయింపు పరిధిని, దానికి వెలుపల అవసరమయ్యే అనుమతులను ఇక్కడ వివరించడమైనది.

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017 సెప్టెంబరు 26న చిత్తడి నేలల (సంరక్షణ, నిర్వహణ) నిబంధనలను ప్రకటించింది. 4వ నిబంధన ప్రకారం సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు శాశ్వత స్వభావం గల నిర్మాణమేదీ చేపట్టరాదు. దీనికి ఉన్న మినహాయింపు పడవ రేవులకు మాత్రమే. అనగా రేవును ఈ నిషేధం నుంచి తప్పించారే గాని, ఆ రేవుకు ఆనుకొని కట్టదలచిన ఇంటిని తప్పించలేదు. రేవు పేరు చెప్పి వరండా, విశ్రాంతి గది, పడవల షెడ్డు నిర్మిస్తే అవన్నీ నిషేధం కిందికే వస్తాయి. వరద మట్టాన్ని సైతం నిబంధనలు అమలులోకి వచ్చిన తేదీకి ముందరి 10 సంవత్సరాల పరిశీలన ఆధారంగా లెక్కించవలసి ఉంటుంది. వర్షాభావపు ఏడాదిలో నీరు వెనుకకు జరిగిన గుర్తును చూపితే చెల్లదు.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి కలదు. ఈ నిబంధనలు రామ్‌సర్ ఒడంబడిక కింద గుర్తింపు పొందిన చిత్తడి నేలలకు, ప్రభుత్వాలు ప్రత్యేకంగా నోటిఫై చేసిన వాటికి మాత్రమే వర్తిస్తాయి. సాగునీటి కోసం, తాగునీటి కోసం మానవ నిర్మితమైన జలాశయాలను నిర్వచనంలోనే మినహాయించారు. తెలుగు ప్రాంతాలలోని చెరువులలో అత్యధికం కాకతీయుల కాలం నుంచీ సేద్యం కొరకు తవ్వించినవే. కనుక ఊరి చెరువు ఒడ్డున రేవు కట్టదలచినవారు 2017 నిబంధనలలోని మినహాయింపును చూపడం చాలా సందర్భాలలో అసందర్భమే అవుతుంది. అక్కడ వర్తించే శాసనాలు వేరు.

భవన నిర్మాణ నిబంధనలు వాటిలో మొదటివి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఏప్రిల్ 7న వెలువడిన జీవో ఎం.ఎస్. నం. 168 ప్రకారం చెరువు, కుంట పూర్తి స్థాయి నీటిమట్టం (ఎఫ్.టి.ఎల్.) లోపల, శిఖం భూములలో ఎట్టి నిర్మాణమూ అనుమతించరాదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువైన వాటికి 9 మీటర్లు ఖాళీగా వదలవలెను. ఎఫ్.టి.ఎల్. నిర్ణయానికి నీటిపారుదల, రెవెన్యూ శాఖల రికార్డులే ప్రామాణికం. తెలంగాణలో ఈ నిబంధనలు సవరణలతో కొనసాగుతుండగా, ఆంధ్రప్రదేశ్ 2017లో వేరుగా నిబంధనలు రూపొందించుకున్నది.

శిఖం భూమికి పట్టా ఉన్నదన్న వాదన తరచుగా ఎదురవుతుంది. నీరు తగ్గినపుడు సాగు చేసుకొనుటకు పట్టా ఆధారం కావచ్చును. నిర్మాణపు హక్కు దానివల్ల సంక్రమించదు. రేవు స్తంభాలు దిగేది చెరువు గర్భంలోకి గనుక, ఇంటి ప్లానుకు పురపాలక లేక పంచాయతీ అనుమతి లభించినంత మాత్రాన రేవుకు కూడా లభించినట్లు భావించరాదు. చెరువు ఏ శాఖ అధీనంలో ఉంటే ఆ శాఖ సమ్మతి విడిగా ఉండవలెను. తేలియాడే రేవైనా లంగరు వేయవలసినది ఆ గర్భంలోనే.

కొల్లేరు విషయం పూర్తిగా భిన్నమైనది. 1999 అక్టోబరు 4 నాటి జీవో నం. 120 ద్వారా +5 అడుగుల కాంటూరు వరకు 308.55 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. అయినప్పటికీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చే ప్రాంతాలకు 2017 నిబంధనలు వర్తించవు. అందువల్ల పడవ రేవు మినహాయింపు అభయారణ్యం లోపల పనికిరాదు. అక్కడ 1972 నాటి చట్టమే శిరోధార్యం, అటవీ శాఖదే తొలి నిర్ణయం. ఆక్రమిత చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం పెద్దయెత్తున తొలగించిన ప్రదేశం అదేనని గుర్తుంచుకొనవలెను.

రేవుకు అనుమతి వేరు, పడవకు అనుమతి వేరు. యాంత్రిక పడవల రిజిస్ట్రేషన్, సర్వేలకు 1917 నాటి చట్టం స్థానంలో 2021 అంతర్గత నౌకల చట్టం వచ్చినది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక పడవ మునిగిన దుర్ఘటన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పర్యాటక పడవల రాకపోకలపై నియంత్రణ గదుల ఏర్పాటును చేపట్టింది. రేవు గురించి వార్త రాసేవారు సర్వే నంబరు, ఎఫ్.టి.ఎల్. పటం, సంబంధిత శాఖ సమ్మతి పత్రం అడిగి చూడవచ్చును. ఎఫ్.టి.ఎల్. పటంపై నీటిపారుదల, రెవెన్యూ అధికారులు ఇరువురి సంతకాలూ ఉన్నవో లేవో కూడా పరిశీలించడం మంచిది.