పెండ్లిపాటకు యజమాని ఎవరు?

పూడిమడక వంటి తీరగ్రామమున పెండ్లి జరుగునప్పుడు సన్నాయిమేళము, ముత్తైదువుల పాటలు, సినిమాపాటలు ఒక్క పందిటనే వినవచ్చును. వానినన్నిటిని నేడు వీడియోలో భద్రపరచుకొనుచున్నాము. కాని దానిని ఇంటర్నెట్టున పెట్టి దూరదేశపు బంధువులకు చూపబోగా, ఒక్కొక్కప్పుడు తాళికట్టు వేళకు పాట మూగవోవును. ఇట్లేల జరుగునో తెలియవలెనన్న కొంత వెనుకటి చరిత్ర తెలియవలెను.

పూర్వము పాట పాడిన క్షణముననే గాలిలో కలిసెడిది. 1902లో గైస్‌బర్గ్ అను ఆయన కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును గ్రామఫోనుకు ఎక్కించినది మొదలు మన దేశమున పాట అమ్మదగిన సరుకయ్యెను. సరుకునకు యజమాని, యజమానికి చట్టము కావలసి వచ్చెను. 1914 నాటి చట్టము బ్రిటిషువారి పద్ధతినే ఇక్కడికి తెచ్చినది. స్వతంత్రభారతము 1957లో చేసికొన్న కాపీరైటు చట్టము 1958 జనవరి 21న అమలులోనికి వచ్చెను.

ఈ చట్టము దృష్టిలో ఒక సినిమాపాటలో మూడు ఆస్తులు కలవు: కవి రచన, స్వరకర్త బాణీ, ధ్వనిముద్రణము. సొమ్మిచ్చి చేయించుకొన్న నిర్మాతకే, వేరు ఒప్పందము లేనియెడల, హక్కు చెందునని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. సినిమాహాలు వెలుపల పాట వాడుకకు వచ్చు ప్రతిఫలములో కవికి, స్వరకర్తకు సమాన భాగము కల్పించి, 2012 సవరణ ఆ లోటును కొంత తీర్చినది.

పెండ్లివారికి 1994 సవరణ ఒక వెసులుబాటు నిచ్చెను. ఊరేగింపునందును, పెండ్లి వేడుకలందును పాట వినిపించుటకు అనుమతి అక్కరలేదు. అయితే పందిట వినిపించుట వేరు, వీడియోకు జతపరచుట వేరు. రెండవదానికి హక్కుదారుల అనుమతి కావలెను.

హక్కునకు గడువు కలదు. రవీంద్రుని రచనల గడువు తీరు సమయమున, 1992లో, ఏబది ఏండ్ల గడువును అరువదికి పెంచిరి. 1957 నాటి ‘మాయాబజార్’ ముద్రణమునకు అరువదేండ్లు నిండినవి. కాని పింగళి నాగేంద్రరావుగారు 1971లో కీర్తిశేషులైరి గనుక వారి సాహిత్యమునకు 2031 చివరివరకు రక్షణ కలదు. 1847లో పరమపదించిన త్యాగయ్య కృతులు, 1503లో పరమపదించిన అన్నమయ్య పదములు అందరివి. ఆ పదములకు ఇటీవల కట్టిన బాణీలు, నేటి గాయకుల రికార్డులు మాత్రము అందరివి కావు.

మరి సామాన్య గృహస్థునకు దారి యేది? మేళగాండ్రతో ముందుగా మాటాడి, వారి సమ్మతితో వారి వాద్యమునే ముద్రింపవచ్చును. 2002 నుండి క్రియేటివ్ కామన్స్ పద్ధతిలో కొందరు స్వరకర్తలు తమ సంగీతమును ఉచితముగా వాడుకొననిచ్చుచున్నారు. అందు కొన్ని వ్యాపారమునకు పనికిరావు. వీడియో తీయువారు రుసుము పుచ్చుకొందురు గనుక షరతులు చదివి మరీ గైకొనవలెను. సినిమాపాటయే కావలెనన్నచో, రచన, బాణీ, ముద్రణము మూడింటికిని వ్రాతపూర్వకముగా అనుమతి పొందుట క్షేమము.

అన్నిటికంటె చౌకయైనది మన యింటనే యున్నది. తరతరములుగా నోటికి వచ్చిన మంగళహారతులకు, అప్పగింతల పాటలకు యజమాని లేడు. పాడు అవ్వలు మాత్రము ఏటేట తగ్గిపోవుచున్నారు. వచ్చే పెండ్లిలో మైకును ఒక్క గడియ అవ్వ దగ్గర పెట్టుదము. ఖర్చు తగ్గును, పాటయు నిలుచును.