మిసిసిపి పాటలో మారుతూ వచ్చిన మొదటి మాట

1927 డిసెంబరు 27 రాత్రి న్యూయార్క్ జీగ్‌ఫెల్డ్ థియేటర్లో తెర లేచేసరికి వేదిక మీద నది రేవు, పత్తి బేళ్లు, వాటిని మోసే నల్లజాతి కూలీలు. వాళ్ల బృందగానంలో మొట్టమొదటి మాట ఒక తిట్టు. తెల్లవాళ్లు తమను ఏ మాటతో కించపరుస్తారో ఆ మాటతోనే కూలీలు తమ గురించి తాము పాడుకుంటారు. చాకిరీ ఎవరిదో, సుఖం ఎవరిదో పాట మొదట్లోనే తేలిపోతుంది. నిర్మాత ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ అప్పటిదాకా అందగత్తెల వరసలకు, తళుకుబెళుకుల ‘ఫాలీస్’ ప్రదర్శనలకు పేరుపడ్డ మనిషి. ఆయన థియేటర్లో అలాంటి ఆరంభాన్ని ఎవరూ ఊహించలేదు.

ఆ సంగీత నాటకం పేరు ‘షో బోట్’. ఎడ్నా ఫెర్బర్ 1926లో రాసిన నవల దానికి ఆధారం. సంగీతం జెరోమ్ కెర్న్‌ది, సంభాషణలు, పాటలు రెండో ఆస్కార్ హామర్‌స్టీన్‌వి. తొలి విడతలోనే 572 ఆటలు ఆడింది. ఆనాటి నుంచి ఈ నాటకం పాటలు రికార్డుల మీద రికార్డులుగా వస్తూనే ఉన్నాయి. వాటిని కాలక్రమంలో వింటూ పోతే, జాతి వివక్ష గురించి ఏ తరం అమెరికా ఎంతవరకు వినడానికి సిద్ధపడిందో తెలిసిపోతుంది. ఏ చరిత్ర పుస్తకమూ ఇంత సూటిగా చెప్పదని నా నమ్మకం.

కథ 1887లో నాచెజ్ రేవులో మొదలవుతుంది. ‘కాటన్ బ్లాసమ్’ అనే పడవ ఊరూరా తిరుగుతూ నాటకాలాడుతుంటుంది. అందులో కథానాయిక వేషాలు వేసే జూలీ తెల్లమనిషిగా చలామణి అవుతోంది. తల్లి వైపు నుంచి ఆమెలో నల్లజాతి రక్తం ఉందని ఎవరో షెరీఫ్‌కు ఉప్పందిస్తారు. మిసిసిపి చట్టం ప్రకారం తెల్లవాడితో ఆమె పెళ్లి నేరం. షెరీఫ్ వచ్చేలోపే భర్త స్టీవ్ కత్తితో ఆమె వేలు కోసి, ఆ రక్తం పీలుస్తాడు. ఒక్క చుక్క నల్లజాతి రక్తం ఉన్నా నల్లవాడేనని చట్టం అంటోంది కదా, ఇప్పుడు నాలోనూ ఉంది పొమ్మంటాడు. అరెస్టు తప్పినా ఇద్దరూ పడవ దిగి వెళ్లిపోక తప్పదు. ఇన్నేళ్లుగా వచ్చిన రికార్డులలో చాలావాటికి ఈ సన్నివేశంతో పనే లేదు. వాటికి కావలసింది పాటలు, అందులోనూ ప్రేమ పాటలు.

అందరికీ తెలిసిన పాట మాత్రం ప్రేమ పాట కాదు, ‘ఓల్ మ్యాన్ రివర్’. రేవు కూలీ జో పాడేది. మనుషుల కష్టంతో సంబంధం లేకుండా సాగిపోయే నదిని, బరువులు మోసి మోసి అలిసిన మనిషినీ పక్కపక్కన నిలబెట్టిన పాట. జో పాత్రకు అనుకున్నది నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్‌నే. నాటకం ఆలస్యం కావడంతో ఆయన అందుబాటులో లేకపోయాడు. న్యూయార్క్‌లో ఆ పాత్రను జూల్స్ బ్లెడ్సో ధరించాడు.

నాటకం మొదలైన రెండు వారాలకే, 1928 జనవరి 11న, పాల్ వైట్‌మన్ ఆర్కెస్ట్రా ఈ పాటను రికార్డు చేసింది. గాయకుడు అప్పటికి కుర్రాడైన బింగ్ క్రాస్బీ. కార్నెట్ మీద బిక్స్ బైడర్‌బెక్. ఇది డ్యాన్సు హాళ్ల కోసం చేసిన రికార్డు. నడక చురుగ్గా ఉంటుంది, వింటుంటే పాదం ఆగదు. కూలీ అలసట మచ్చుకైనా లేదు. మార్చి 1న అదే వైట్‌మన్ ఆర్కెస్ట్రా అదే పాటను మళ్లీ రికార్డు చేసింది. ఈసారి గాయకుడు రోబ్సన్. ఆ గొంతు లోతులోంచి లేచి పై స్వరానికి చేరేసరికి బరువెత్తే మనిషి వెన్ను కనిపిస్తుంది. రెండు నెలలైనా తేడా లేదు, వాయిద్య బృందమూ ఒకటే, అయినా రెండూ రెండు వేరు పాటలు. రాయబారం పద్యాలు ఒక్కో కృష్ణుడి గొంతులో ఒక్కో తీరుగా గ్రామఫోను రికార్డులకెక్కడం ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. కాకపోతే ఇక్కడ మారింది రాగమూ సాగతీతా మాత్రమే కాదు. పాట ఎవరి పక్షాన నిలబడుతుందన్నదే మారిపోయింది.

అదే ఏడాది మే 3న లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో నాటకం మొదలైనప్పుడు రోబ్సనే జో. రంగస్థల నటులతోనే పాటలను రికార్డు చేసే అలవాటు లండన్‌లో ముందే ఉంది. అమెరికాలో అది స్థిరపడడానికి 1943లో ‘ఓక్లహోమా!’ నాటకం రావాల్సి వచ్చింది. డెక్కా కంపెనీ తరఫున ఆ నాటకం పాటల ఆల్బమ్ తెచ్చిన జాక్ కాప్ అంతకు పదకొండేళ్ల ముందే, 1932లో, బ్రన్స్‌విక్ కంపెనీ కోసం ‘షో బోట్’ పాటలను ఒక ఆల్బమ్‌గా రికార్డు చేయించాడు. విక్టర్ యంగ్ సంగీత నిర్వహణలో రోబ్సన్‌తో పాటు, తొలి జూలీ హెలెన్ మోర్గన్ కూడా అందులో పాడింది.

హెలెన్ మోర్గన్‌ది చిన్న గొంతు. సన్నగా, పై స్థాయిలో, అంచున కాస్త వణుకుతో ఉంటుంది. ‘బిల్’ పాటను ఆమె పియానో మీద కూర్చుని పాడేది. దీనికి సాహిత్యం పి.జి. వుడ్‌హౌస్‌ది, వేరే నాటకం కోసం రాసి పక్కన పెట్టింది. తర్వాతి గాయనులు దీన్ని కింది స్థాయికి దించి, బార్లలో వినిపించే విరహగీతంలా పాడారు. మోర్గన్ పాడితే ఏ ఆడంబరమూ లేని ఒక మామూలు మగవాణ్ని ఎందుకు ప్రేమించానో తనకే అంతుపట్టని ఆడమనిషి మాట వినబడుతుంది. ఇన్ని రికార్డుల తర్వాత కూడా ‘బిల్’ ఆమెదే.

1936 నాటి ‘షో బోట్’ సినిమాకొచ్చేసరికి బృందగానంలోని తొలి తిట్టు పోయి, కాస్త మెత్తబడ్డ మరో మాట వచ్చింది. అదీ నల్లవాళ్లను తక్కువ చేసేదే. 1946 జనవరి 5న నాటకాన్ని మళ్లీ బ్రాడ్వేకి తెచ్చినప్పుడు అప్పటికి మర్యాద అనిపించుకున్న ‘కలర్డ్’ పదం పెట్టారు. కొలంబియా కంపెనీ ఆ నటవర్గంతో ఆల్బమ్ తెచ్చింది. ఆ ప్రదర్శన కోసం ‘నోబడీ ఎల్స్ బట్ మీ’ అనే కొత్త పాట కట్టిన కెర్న్ అంతకు రెండు నెలల ముందే, 1945 నవంబరు 11న, కన్నుమూశాడు. 1966 లింకన్ సెంటర్ ప్రదర్శన దగ్గరకు వచ్చేసరికి మాట మార్చడం కూడా కాదు, బృందగానంలోని ఆ భాగాన్నే తీసేశారు. విలియం వార్‌ఫీల్డ్ గంభీరమైన గొంతు, బార్బరా కుక్ స్వచ్ఛమైన స్వరం ఉన్న ఆ రికార్డు చెవికి హాయిగా ఉంటుంది. కానీ ఆ భాగం పోయాక చాకిరీ ఎవరిదన్న ప్రశ్నే మాయమైంది. పౌరహక్కుల ఉద్యమం వీధుల్లో ఉన్న రోజుల్లో జరిగిన మార్పు ఇది. ఎవరినీ నొప్పించకూడదన్న మంచి ఉద్దేశమే, కాదనను. ఫలితం మాత్రం చరిత్రను తుడిచేయడమే అయింది.

సినిమాల తీరు ఇంకా బాధ కలిగిస్తుంది. 1946లో కెర్న్ జీవితం మీద ఎంజీఎం తీసిన చిత్రంలో నల్లజాతి గాయని లీనా హార్న్ జూలీ వేషంలో కాసేపు కనిపించి పాడింది. అదే సినిమా చివర ‘ఓల్ మ్యాన్ రివర్’ పాడింది తెల్ల సూటు వేసుకున్న ఫ్రాంక్ సినాత్రా. 1951లో అదే కంపెనీ ‘షో బోట్’ తీసినప్పుడు జూలీ పాత్ర లీనా హార్న్‌కు దక్కలేదు, తెల్ల నటి ఏవా గార్డ్‌నర్‌కు వెళ్లింది. తెర మీద ఏవాకు గొంతు అరువిచ్చింది అనెట్ వారెన్. పాటల ఎల్పీలో మాత్రం ఏవా సొంత గొంతే ఉంటుంది. ఆ చిన్న, బెదురు గొంతే నాకు సినిమాలోని గొంతుకన్నా జూలీకి దగ్గరగా తోస్తుంది. బ్రాడ్వే మీద ఒక నల్లజాతి నటి జూలీగా నిలబడడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె లోనెట్ మెకీ.

ఈ లోగా రోబ్సన్ తన దారిలో తాను పాటను మార్చేశాడు. 1930ల చివరి నుంచి కచేరీల్లో ఆయన పాడిన సాహిత్యం హామర్‌స్టీన్ రాసింది కాదు. బతుకుతో విసిగి చావుకు జడిసే కూలీ స్థానంలో ప్రాణం ఉన్నంతవరకు పోరాడే మనిషిని నిలబెట్టాడు. 1950లో అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాగేసుకుంది. 1952 మే 18న వాషింగ్టన్ రాష్ట్రంలోని పీస్ ఆర్చ్ దగ్గర, కెనడా సరిహద్దు గీతకు ఇవతల లారీ మీద నిలబడి, అవతల గుమిగూడిన వేలమంది కోసం పాడాడు. ఆ కచేరీని గని కార్మికుల సంఘం రికార్డుగా విడుదల చేసింది. థియేటర్ ఆర్కెస్ట్రా లేదు, కూలీల కోరస్ లేదు. అయినా ఆ ‘ఓల్ మ్యాన్ రివర్’ ముందు స్టూడియో రికార్డులన్నీ వెలవెలబోతాయి.

ఈ పాట మన దేశానికి చేరింది కూడా రోబ్సన్ చేతుల మీదుగానే. 1949లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చదువుకు వెళ్లిన అస్సామీ గాయకుడు భూపేన్ హజారికా ఆయన ప్రభావంలో పడి, తిరిగొచ్చాక అస్సామీలో ‘బిస్తీర్ణ పారోరే’ కట్టాడు. తర్వాత అది బెంగాలీలోకి వెళ్లి, హిందీలో గంగ పాటగా మారి తెలుగువాళ్ల చెవుల దాకా వచ్చింది. హామర్‌స్టీన్ పాటలో నది అన్నీ తెలిసి మౌనంగా సాగుతుంది. రోబ్సన్ కూలీని మార్చాడు. హజారికా ఇంకో అడుగు వేసి నదినే నిలదీశాడు. ఇన్ని ఘోరాలు చూస్తూ ఎలా ప్రవహిస్తున్నావని అడిగాడు.

ఇక 1988. జాన్ మెక్‌గ్లిన్ అనే యువ సంగీత నిర్వాహకుడు 1927 నాటి ‘షో బోట్’ను ఉన్నదున్నట్టు రికార్డు చేయాలని పూనుకున్నాడు. 1982లో న్యూజెర్సీ సికాకస్‌లోని వార్నర్ సంస్థ గిడ్డంగిలో పాత బ్రాడ్వే సంగీత ప్రతులు పెట్టెలకొద్దీ బయటపడ్డాయి. వాటిలో ‘షో బోట్’వీ ఉన్నాయి. రాబర్ట్ రసెల్ బెనెట్ రాసిన అసలు వాద్య కూర్పుతో ఈఎంఐ 3 సీడీల ఆల్బమ్ తెచ్చింది. నిడివి సుమారు 3 గంటల 40 నిమిషాలు. ‘మిజరీస్ కమిన్ అరౌండ్’ అన్న పాట ఇందులోనే తన చోటికి తిరిగొచ్చింది. న్యూయార్క్‌కు రాకముందు వాషింగ్టన్ నగరంలో ఆడిన తొలి ఆటలు నాలుగు గంటలు దాటడంతో, పైగా మరీ దిగులుగా ఉందని, 1927లో దీన్ని కోసేశారు. కెర్న్ పట్టుదలతో ఆ బాణీని ఓవర్చర్లో, అంటే తెర లేవకముందు వాయించే సంగీతంలో, దాచి ఉంచాడు. వంటమనిషి క్వీనీగా కార్లా బర్న్స్ గొంతెత్తితే, చుట్టూ ఆడవాళ్ల కోరస్ ముసురులా కమ్ముకుంటుంటే, జూలీకి రాబోయే ఆపద ముందే తెలిసిపోతుంది. తొలి ప్రదర్శనలో ఈ క్వీనీ పాత్రను ముఖానికి నల్లరంగు పూసుకున్న తెల్ల నటి టెస్ గార్డెల్లా వేసిందన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మెక్‌గ్లిన్ తొలి మాటనూ తిరిగి తెచ్చాడు. దాంతో ముందు పిలిచిన నల్లజాతి కోరస్ ఆ తిట్టును పాడబోమని తప్పుకుంది. జో పాత్రకు ఎంచుకున్న విల్లర్డ్ వైట్ కూడా వైదొలిగాడు. చివరకు బ్రూస్ హబ్బర్డ్ ఒప్పుకుని పాడాడు. కోరస్‌గా లండన్ ఆంబ్రోసియన్ బృందం వచ్చింది. తప్పుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. ఆ మాట ఎవరికి తగిలిందో వాళ్లకే దాన్ని పలకాలా వద్దా అని తేల్చుకునే హక్కుంది. అయినా 1927లో ఏం పాడారో ఎక్కడో ఒకచోట చెరిపేయకుండా మిగిలి ఉండాలి. ఆ పని ఈ రికార్డు చేసింది. దర్శకుడు హాల్ ప్రిన్స్ 1993లో టొరాంటోలో మొదలుపెట్టి, మరుసటేడు బ్రాడ్వేకి తెచ్చిన ప్రదర్శన మళ్లీ ‘కలర్డ్’ దగ్గరకే వెళ్లింది.

వినదలచినవాళ్లు క్రాస్బీ, రోబ్సన్ పాడిన 1928 రికార్డులు రెండూ వెంటవెంటనే వినండి. ఆ తర్వాత పీస్ ఆర్చ్ కచేరీ. అక్కడి నుంచి నేరుగా మెక్‌గ్లిన్ 3 సీడీలకు వెళ్లండి. మొదటిసారి విన్నప్పుడు దేన్నీ దాటేయకండి, ముఖ్యంగా తెర లేవగానే వచ్చే ఆ మొదటి మాటను.